నొప్పి తెలియని చెయ్యి

స్క్రూ మళ్ళీ కదిలింది.

పెంచలప్రసాద్ పట్టకారు కొనతో అలా ముట్టుకున్నాడో లేదో, పాత మట్టిగోడలో మేకులా అది పక్కకు వాలిపోయింది. కుర్చీలో పడుకున్న రెడ్డిరాణి నోరు తెరుచుకునే ఉంది. నోట్లో అద్దం ఉన్నంతసేపు మనిషి మాట్లాడలేడు కనక, ఏమైంది సార్ అని కళ్ళతోనే అడిగింది. పెంచల్ ఆ కళ్ళకు జవాబు చెప్పకుండా ట్రే వైపు చూశాడు.

"ఇది కూడా తీసెయ్యాల్సిందే రాణీ."

తీశాడు. తీయడానికి పెద్ద శ్రమ కూడా పడలేదు, వేళ్ళతోనే వచ్చేసింది. అంత సులువుగా వచ్చినందుకే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

ఆ స్క్రూ బియ్యపు గింజంత ఉంటుంది. పంటికీ పంటికీ నడుమ సందు చూసి, దవడ ఎముకలోకి దింపుతారు. దానికి రబ్బరు తగిలించి ముందుపళ్ళను మెల్లమెల్లగా వెనక్కి లాగుతారు. బావిలో బక్కెట తోడేవాడికి కాలు ఆనించుకోవడానికి గట్టు ఉండాలి కదా, ఈ స్క్రూ ఆ గట్టు లాంటిది. గట్టు కదిలిందంటే బక్కెట పైకి రావడం అటుంచి, తోడేవాడే బావిలో పడతాడు.

రెడ్డిరాణి ప్రొద్దుటూరులోనే ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది. ఎత్తుపళ్ళు. పై పెదవి వచ్చి కింది పెదవిని కలవాలంటే గడ్డం బిగబట్టాలి. పెదాలు కలిస్తేనే పలికే అక్షరాలు కొన్ని ఉన్నాయి, అవి ఆమె నోట ఇంకో రకంగా వచ్చేవి. ఆమె "పలక" అంటే పిల్లలంతా "ఫలక" అని వల్లించేవాళ్ళు. పిల్లలది తప్పేం లేదు, టీచరు ఎట్లా చెబితే అట్లా. ఒకరోజు ఒక తల్లి వచ్చి, హెడ్‌మాస్టరు ముందే, "మా పిల్లోనికి మాటలు చెడిపోతాండాయి, టీచరును మార్చండి" అంది. ఆయన మార్చలేదు గానీ, ఆ మాట రాణి గుండెలో ముల్లులా దిగబడింది. మొదటిసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కతే పళ్ళాసుపత్రికి వచ్చింది.

ముందుపళ్ళు వెనక్కి పోవాలంటే చోటు కావాలి. ఆ చోటు కోసం రెండు పక్కలా ఒక్కో పన్ను తీసేశారు. పుచ్చూ లేదు, పోటూ లేదు, నిక్షేపం లాంటి పళ్ళు. వాటిని తీసేటప్పుడు రాణి కళ్ళు మూసుకుని, పోతే పోయినాయిలే అనుకుంది. ఇప్పుడు స్క్రూ నిలవకపోతే ఆ ఖాళీలోకి వెనకపళ్ళే జరిగి వచ్చేస్తాయి. పోయిన పళ్ళు పోయినట్టే, ఎత్తుపళ్ళు ఉన్నట్టే. రెంటికీ చెడ్డ రేవడి అయిపోతుంది.

ఎడమపక్క స్క్రూ కుదురుగా నిలిచింది. కుడిపక్కది మొదటిసారి ఊడింది, చోటు మార్చి పెడితే ఇప్పుడు రెండోదీ ఊడింది. ఆ పక్క ఇంక మిగిలింది ఒకే ఒక్క చోటు, వెనక దవడపళ్ళ నడుమ ఒక ఇరుకు సందు.

పెంచల్ ఆ సంగతి చెప్పాడు. చెప్పక తప్పదు కదా. రాణి పుక్కిలించి ఉమ్మి, చున్నీ అంచుతో మూతి తుడుచుకుంది.

"మీరేం చేస్తారులే సార్. నా ఎముకే మంచిది కాదేమో." అని, అతని ముఖం చూసి ఆమే ఓదార్చింది. "మీరు పెట్టేటప్పుడు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మా బడిలో అందరికీ చెప్పినాను, పంటి పనంటే పెంచల్ సార్ దగ్గరికే పొండి అని."

ఊళ్ళో పెంచల్‌కు ఉన్న పేరు అదే. నొప్పి తెలియని చెయ్యి. పిల్లలు ఏడవరు, ముసలివాళ్ళు కుర్చీ చేతులు పట్టుకుని వేలాడరు. పన్ను పీకించుకున్నవాడు, ఇంకా ఎప్పుడు పీకుతారు సార్ అని అడిగాడన్న కథ ఒకటి బజారులో తిరుగుతుంది. అందులో నిజమెంతో గానీ, పెంచల్ దాన్ని ఎప్పుడూ కాదనలేదు.

దాని వెనక మంత్రమేమీ లేదు. అతను మత్తుమందు సూది నిండా ఎక్కిస్తాడు. చెంప చెక్కలా మొద్దుబారేదాకా ఆగుతాడు. ఆ తర్వాత లోపల ఏం జరిగినా పేషెంటుకు తెలియదు. స్క్రూ దిగాక కూడా అతనికి తృప్తి ఉండదు. ఇంటికి తాళం వేసి, సందు మొగదాకా పోయి, వెనక్కొచ్చి మళ్ళీ తాళం లాగి చూసే మనుషులుంటారే, ఆ బాపతు. భద్రం కోసమని ఇంకో అర చుట్టు బిగించి గానీ వదలడు.

ఆసుపత్రి రవూఫ్ సార్‌ది. ఆయన బతుకంతా పళ్ళ కాలేజీలో పాఠాలు చెప్పినవారు. పెంచల్ అక్కడ ఆయన శిష్యుడు. రిటైరయ్యాక సార్ ఇక్కడ ఆసుపత్రి పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదటిసారి వణికిన రోజే పనిముట్లు కడిగి పెంచల్ ముందు పెట్టి, "ఇంక నువ్వు చూసుకో నాయనా" అన్నారు. అప్పటినుంచి ముందుగదిలో కూర్చుని ఎక్స్‌రేలు చూస్తారు, వచ్చినవాళ్ళతో వానల గురించీ ధరల గురించీ మాట్లాడతారు. పాఠం మాత్రం చెప్పరు. ఏదన్నా అడిగితే ఎదురు ప్రశ్న వేసి ఊరుకుంటారు. కాలేజీలో కుర్రాళ్ళు అనుకునేవాళ్ళు, రవూఫ్ సార్ దగ్గర సందేహం తీర్చుకోబోతే ఇంకోటి అంటుకొస్తుందని.

ఆ సాయంత్రం పెంచల్ ఊడిన స్క్రూను అరచేతిలో పెట్టుకుని ఆయన దగ్గరికి పోయాడు.

"సార్, ఇంకొంచెం లావు స్క్రూలు తెప్పిద్దాం."

సార్ రాణి ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకుని చూస్తున్నారు. "తెప్పించు."

"బిగువు కొలిచే స్క్రూడ్రైవరు కూడా వచ్చింది సార్. ఎంత బిగించామో అంకె చూపిస్తుంది."

"అదీ తెప్పించు."

"మరి ఇది ఎందుకు నిలవడం లేదంటారు?"

సార్ ఎక్స్‌రే కింద పెట్టారు. "పెట్టేటప్పుడు ఆ పిల్ల ఏమన్నా అనిందా?"

"ఏమంటుంది సార్? అసలు తెలియనిస్తే కదా."

ఆ మాటలో కాస్త గర్వం తొణికింది. ఊడిన స్క్రూ కోసం ఏడవడానికి వచ్చినవాడు కూడా తన గొప్ప చెప్పుకోవడం మరచిపోడు, మనిషి పుట్టుకే అంత. సార్ ఆ గర్వాన్ని చూసీ చూడనట్టు వదిలేశారు.

"రేపు పొద్దున్నే రా. పేషెంట్లు రాకముందే."

పెంచల్ వచ్చేసరికి సార్ పేషెంట్ల కుర్చీలో పడుకుని ఉన్నారు. మెడ చుట్టూ గుడ్డ కూడా ఆయనే కట్టుకున్నారు.

"నాకొకటి పెట్టు."

"ఏంటి సార్?"

"స్క్రూ. పైన, కుడిపక్క. ఆ పిల్లకు యాడ పెట్టినావో ఆడనే."

"మీకెందుకు సార్ ఇప్పుడు?"

"ముసలి ఎముక కదా. నీ చేతిలో నిలుస్తాదో లేదో చూస్తాం."

పెంచల్ నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని గమనించి ఆగిపోయాడు. వద్దని చెప్పే ధైర్యం లేదు. కాలేజీలో ఉన్నప్పుడు కూడా లేదు. చేతులు కడుక్కుని, సూదిలోకి మత్తుమందు నిండా తీశాడు.

సార్ చెయ్యి చాచారు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. సూది తీసుకుని, పక్కనున్న ఉమ్మితొట్టిలోకి మందంతా వదిలేశారు. అడుగున చుక్క మిగిలింది. తిరిగి ఇచ్చారు.

"ఇది చాలు."

"పైన చిగురు మాత్రమే మొద్దుబారుతుంది సార్. లోపల అంతా తెలుస్తుంది. నొప్పి పుడుతుంది."

"పుట్టనీ."

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. పెంచల్‌కు ఆ పొద్దు తనదాకా కాదు, తన గురువుదాకా వచ్చింది. అది ఇంకా కష్టం. డ్రైవరు పట్టుకుంటే చెయ్యి తనది కానట్టుగా ఉంది. ఎన్నో నోళ్ళలో అలవోకగా తిప్పిన చెయ్యే. ఇప్పుడు ఒక్కో చుట్టుకూ ఆగి ఆయన ముఖం చూడాల్సి వస్తోంది. అన్నాళ్ళుగా పని చేస్తూ కూడా, స్క్రూ దిగేటప్పుడు పేషెంటు ముఖం తనెప్పుడూ చూడలేదని అతనికి అప్పుడే తెలిసింది. చూడాల్సిన అవసరమే రాలేదు.

సగం దిగాక కుర్చీ చేతి మీద సార్ చూపుడువేలు లేచింది.

పెంచల్ చూశాడు. చూసి, ముసలాయన కదా, కొంచెం తాళలేకపోతున్నారేమో అనుకున్నాడు. ఇంకొక్క అర చుట్టు తిప్పితే గట్టి ఎముక దొరుకుతుంది, అక్కడ ఆపుదాం అనుకున్నాడు. తిప్పాడు.

సార్ కాళ్ళు రెండూ కుర్చీ మీద ఒక్కసారి ఎగిరిపడ్డాయి. అరవలేదు. కంటి కొసనుంచి నీళ్ళు చెవి దాకా జారాయి. పెంచల్ చేతిలోంచి డ్రైవరు కిందపడింది.

"సార్! సార్, క్షమించండి..."

ఆయన కళ్ళు తెరవకుండానే ఎక్స్‌రే మిషను వైపు వేలు చూపించారు.

తీశాడు. ఎప్పుడూ తీసేలా ఎదురుగా తీస్తే స్క్రూ రెండు వేర్ల నడుమ చక్కగా నిలబడి ఉంది. ఇంకేం, అంతా బాగుందనిపించేది. సార్ తల కాస్త పక్కకు తిప్పి, ఇంకోటి తియ్యమన్నారు. ఏటవాలుగా తీసిన దాంట్లో స్క్రూ కొన పంటి వేరును ఆనుకుని ఉంది.

పెంచల్ దాన్ని జాగ్రత్తగా వెనక్కి తిప్పి తీసేశాడు. సార్ లేచి కూర్చుని పుక్కిలించారు. తొట్టిలో నీళ్ళు ఎర్రగా పారాయి. ఆయన దవడ పట్టుకుని కూర్చున్నారు.

"నమిలినప్పుడల్లా పన్ను రవ్వంత కదుల్తాది. తెలుసు కదా?" అన్నారు చివరికి. మాట ముద్దగా వచ్చింది.

"తెలుసు సార్."

"పక్కన స్క్రూ ఆనుకోని ఉంటే?"

తంతుంది. ముద్ద ముద్దకూ తంతుంది. ఎంత లావు స్క్రూ అయినా, ఎంత బిగించినా, పూట పూటా తన్నులు తింటూ నిలవదు. ఇదంతా పెంచల్ చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. స్క్రూ వేరును తాకితే పేషెంటుకు పుట్టే నొప్పే ఆ సంగతి చెబుతుందని కూడా.

"నా వేలు లేచింది చూసినావా?"

పెంచల్ తల వంచుకున్నాడు. "చూశాను సార్."

"ఆ పిల్లది లేచిందా?"

"లేదు సార్."

సార్ మెడ చుట్టూ గుడ్డ విప్పుకుని, మడిచి, కుర్చీ మీద పెట్టి బయటికి పోయారు. పెంచల్ ఉమ్మితొట్టి దగ్గరే నిలబడిపోయాడు. ఆయన పారబోసిన మత్తుమందు ఎప్పుడో కారిపోయింది, తొట్టి అంచుకు అంటిన నెత్తురు మాత్రం ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు సార్ జావ మీదే బతికారు. చెంప వాచింది. ఏమైందని అడిగినవాళ్ళందరికీ, పంటి నొప్పి అని నిజమే చెప్పారు. పళ్ళ డాక్టరుకే పంటి నొప్పా అని జనం నవ్వుకున్నారు. ఆ నవ్వులు వినబడినప్పుడల్లా పెంచల్ లోపలి గదిలో కుక్కిన పేనులా ఉండేవాడు.

రాణి మళ్ళీ వచ్చిన రోజు అతను ముందుగా ఎక్స్‌రే తీశాడు. ఈసారి ఏటవాలుగా. రెండో స్క్రూ ఊడిన చోట ఎముకలో చిన్న నల్లటి గుంట కనబడింది. ఆ గుంట ఎముకతో ఆగలేదు, పక్క పంటి వేరులోకి పోయింది.

ఆ పన్ను బతికుందో లేదో చూడాలి. ఫ్రిజ్‌లోంచి మంచుముక్క తెచ్చి, గుడ్డలో పట్టుకుని, ముందు ఎడమపక్క పంటికి ఆనించాడు. రాణి చటుక్కున తల వెనక్కి లాక్కుంది.

"అబ్బా, జిల్లుమంటాంది సార్!"

కుడిపక్క పంటికి ఆనించాడు. ఆమె కదల్లేదు. అతను మంచు అలాగే పట్టుకున్నాడు. నీళ్ళు కరిగి ఆమె పెదవి మీదికి కారాయి.

"ఇది చల్లగా ఉందా రాణీ?"

ఆమె లేదని తలూపి, మంచు తీశాక నవ్వింది. "ఈ పక్క ఏం తెలీలేదు సార్. చూస్తిరా, మంచు పెట్టినా నొప్పి లేకుండా పెడతారు మీరు."

పన్ను చచ్చిపోయింది. అందులో నరం ఎప్పుడో ఎండిపోయింది. దాన్ని చంపినవాడికి ఆ పిల్ల నవ్వుతూ మెచ్చుకోలు ఇస్తోంది. పెంచల్ జీవితంలో అంత చేదు మెచ్చుకోలు ఎప్పుడూ తినలేదు. మింగలేక కక్కలేక, "మూడోది వచ్చే వారం పెడదాం" అని పంపించేశాడు.

ఎక్స్‌రే తెచ్చి సార్ బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని ఒక్కసారి చూసి పక్కకు జరిపారు.

"చెప్పినావా?"

"చెబుతాను సార్. మూడోది కుదిరాక చెబుతాను. ఇప్పుడు చెబితే ఆ అమ్మాయి భయపడిపోతుంది. అది కుదిరితే, కనీసం..."

సార్ మిగతాది అడగలేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

వారం తిరిగింది. రాణి బడికి సెలవు పెట్టి వచ్చింది. సార్ ఎప్పుడూ లోపలి గదిలోకి రానివారు, ఆ రోజు వచ్చి తలుపు దగ్గర స్టూలు వేసుకున్నారు. పెంచల్ సూదిలోకి చుక్క మందే తీశాడు.

"ఈసారి లోపల తెలుస్తుంది రాణీ. చిగురు కోసినట్టు, ఒత్తినట్టు ఉంటే పర్వాలేదు. పన్ను పోటు పొడిచినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే చెయ్యెత్తు."

ఆమె ఆశ్చర్యపోయింది. "అదేంది సార్, మత్తు తగ్గించినారా?"

"కొత్త పద్ధతి" అన్నాడు పెంచల్.

తలుపు దగ్గర స్టూలు కిర్రుమంది. అతను అటు చూడలేదు.

స్క్రూ కొన చిగురు దాటింది. ఎముక తగిలింది. పెంచల్ ఒక కన్ను డ్రైవరు మీద, ఒక కన్ను ఆమె చేతి మీద పెట్టుకుని, గోడకు సున్నం రాలకుండా మేకు దింపేవాడిలా మెల్లగా తిప్పాడు. సగం కూడా దిగలేదు, రాణి చెయ్యి లేచింది.

ఆపాడు. వెనక్కి తిప్పాడు. వాలు మార్చి, కాస్త పైనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకొంచెం దూరం పోయింది. ఇంకొంచెం. ఎముక గట్టిగా పట్టుకుంటున్నట్టు చేతికి తెలుస్తోంది. ఇదే, ఈ పట్టు కోసమే కదా.

చెయ్యి మళ్ళీ లేచింది. గాలిలో నిలబడి, వేళ్ళు ముడుచుకుని, మళ్ళీ కిందికి దిగింది. కిందికి దిగి, కానియ్యండి అన్నట్టు ఊగింది.

పెంచల్ డ్రైవరు వదిలి, ఆమె నోట్లోంచి అద్దం తీశాడు. రాణి కళ్ళనిండా నీళ్ళు.

"పోటు పొడిచిందా?"

"పర్లేదు సార్. ఓర్చుకుంటా."

"ఓర్చుకునే నొప్పి కాదిది రాణీ."

"ఇది పోతే ఇంక చోటు లేదన్నారు కదా. రెండు పళ్ళు తీయించుకుంటి. ఇంత దూరం వచ్చి ఇప్పుడు వదిలేస్తే ఎట్ల సార్? నేనే చెబుతాండా కదా, కానియ్యండి." అని ఆమె తనే వెనక్కి వాలి నోరు తెరిచి, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. ఇంక చెయ్యి లేవకుండా పట్టుకుంది.

పెంచల్ మళ్ళీ డ్రైవరు అందుకున్నాడు. ఇంకాస్త తిప్పితే దిగిపోతుంది. పేషెంటే అడుగుతోంది. రబ్బరు తగిలించి పంపిస్తే, కొన్నాళ్ళు నిలిచినా నిలవొచ్చు. నిలవకపోతే ఎముక మంచిది కాదని ఆమే అంటుంది. ఆమే అతన్ని ఓదారుస్తుంది.

డ్రైవరు తిప్పాడు. వెనక్కి.

స్క్రూ బయటికి వచ్చి ట్రేలో పడింది. ఆ చప్పుడు విని రాణి దిగ్గున లేచి కూర్చుంది.

"ఎందుకు తీసినారు సార్? ఓర్చుకుంటానంటి కదా! మీకేం పోయింది? నేను కదా ఓర్చుకునేది!" ఆమె గొంతు పగిలిపోయింది. నోటి చివరినుంచి నెత్తురు చారిక కారుతోంది, తుడుచుకోలేదు. "ఇంక నేను ఎట్ల పోవాల ఆ బడికి?"

పెంచల్ తలుపు వైపు చూశాడు. కాలేజీలో జవాబు రాక నిలబడినప్పుడు ఎట్లా చూసేవాడో అట్లా.

రవూఫ్ సార్ స్టూలు మీదినుంచి లేచారు.

"నన్నేం చూస్తావు పెంచలా," అన్నారు. "నోరు ఆమెది."

తలుపు దగ్గరగా వేసి బయటికి పోయారు.

పెంచల్ ముఖానికున్న మాస్కు తీశాడు. చేతి తొడుగులు తీశాడు. సార్ వదిలిపోయిన స్టూలు తెచ్చి రాణికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెను పైనుంచి చూడటమే గానీ, ఎదురుగా కూర్చుని చూసింది లేదు.

"పోయినసారి స్క్రూ ఊడింది నీ ఎముక మంచిది కాక కాదు రాణీ. నేను దాన్ని పక్క పంటి వేరులోకి దింపినాను. అందుకే నిలవలేదు. ఆ పన్ను చచ్చిపోయింది."

అతనికి తెలియకుండానే మాట సొంతూరి యాసలోకి మారిపోయింది. ఆమె నాలుకతో ఆ పంటిని తడుముకుంది. "నాకేం తెలీలేదే సార్."

"తెలియకుండా చేసింది నేనే. మత్తు అంత ఎక్కించకపోయుంటే అప్పుడే అరిచేదానివి."

"మంచు పెట్టినప్పుడు..."

"అప్పుడు తెలిసింది నాకు."

"అప్పుడు చెప్పలేదే."

"చెప్పలేదు."

రాణి చున్నీ అంచును వేలికి చుట్టుకుంది, విప్పింది. ఏడుపు ఆగిపోయింది. ఏడుస్తున్నప్పుడే నయం అనిపించింది పెంచల్‌కు. బయట రోడ్డు మీద ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆమె తల ఎత్తింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పండి సార్. ఆ రోజు మత్తు లేక, నేను ఇట్లనే చెయ్యెత్తింటే, ఆపుండేవాళ్ళా?"

ఆపేవాణ్ణమ్మా అన్న మాట పెంచల్ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో సార్ కాళ్ళు రెండూ కుర్చీ మీద ఎగిరిపడటం కళ్ళ ముందు కదిలింది.

"ఆపేవాణ్ణి కాదమ్మా," అన్నాడు.

రాణి అతని ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. లేచి పోతుందనుకున్నాడు. పోయినా అడ్డుపడే ముఖం లేదు అతనికి. ఆమె కప్పు అందుకుని పుక్కిలించి, ఎర్రటి నీళ్ళు తొట్టిలో ఉమ్మింది.

"ముందు ఆ చచ్చిన పంటి సంగతి చూడండి సార్," అంది. వెనక్కి వాలి, కళ్ళు మూసుకోకుండా నోరు తెరిచింది.

పెంచల్ అద్దం వెంటనే అందుకోలేకపోయాడు.